బల్గేరియన్ అంటే ఎవరు? సరిహద్దు అవతలి బల్గేరియన్లు, ఇవతలి మైనారిటీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బల్గేరియా అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది గులాబీ అత్తరు, పెరుగు, మెడిసిన్ చదవడానికి వెళ్ళిన పక్కింటి అబ్బాయి. అక్కడి మనుషుల గురించి మాట్లాడాల్సి వస్తే మాత్రం ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తాయి: ఎవరు బల్గేరియన్, ఎవరు కాదు, అది తేల్చేదెవరు? దేశం బయట తరతరాలుగా బతుకుతున్న బల్గేరియన్లున్నారు, దేశం లోపల బల్గేరియన్లు కాని వాళ్ళూ ఉన్నారు. రెండు కథలూ ఒకే ఒట్టోమన్ టర్కుల సామ్రాజ్యం ముక్కలైన తీరులోంచి వచ్చినవే కాబట్టి ఇక్కడ కలిపే రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పండి, బల్గేరియన్ అంటే ఎవరు?

సూటిగా కుదరదు, అదే చిక్కు. భాషను బట్టి అంటారా, రోదోపి కొండల్లోని పొమాక్‌ల మాతృభాష బల్గేరియనే, కానీ ముస్లింలు కావడంతో వాళ్ళను ఇటు పూర్తిగా కలుపుకోనూ లేదు, అటు వదిలేయనూ లేదు. మతాన్ని బట్టి అంటారా, గగావుజ్‌లు బల్గేరియన్ల లాగే ఆర్థడాక్స్ క్రైస్తవులు, ఇంట్లో మాట్లాడేది మాత్రం టర్కిష్‌కు దగ్గరి భాష. పోనీ ఆర్థడాక్స్ అయి ఉండి బల్గేరియన్ మాట్లాడేవాళ్ళే అందామంటే, రొమేనియాలోని బనాత్ బల్గేరియన్లు కాథలిక్కులు, పైగా బల్గేరియన్‌ను లాటిన్ లిపిలో రాస్తారు. ఏ గీత గీసినా ఎవరో ఒకరు బయట పడిపోతారు.

బల్గేరియా చట్టం ఏమంటుంది?

1991 రాజ్యాంగంలో 'జాతీయ మైనారిటీ' అన్న మాటే లేదు. 36వ అధికరణంలో 'బల్గేరియన్ మాతృభాష కాని పౌరులు' అని మాత్రం ఉంటుంది, వాళ్ళకు బల్గేరియన్‌తో పాటు తమ భాష కూడా నేర్చుకునే హక్కుంది. 1999లో యూరప్ కౌన్సిల్ వారి మైనారిటీల రక్షణ ఒప్పందాన్ని బల్గేరియా ఆమోదించింది, ఆమోదించాక కూడా సొంత రాజ్యాంగంలోకి ఆ మాటను రానివ్వలేదు. ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను: సెర్బియాలో, ఉక్రెయిన్‌లో, అల్బేనియాలో ఉన్న తనవాళ్ళకు మైనారిటీ హక్కులు కావాలని గట్టిగా అడిగే దేశం, ఇంట్లో ఆ మాట పలకడానికి మొహమాటపడుతుంది. కింద మీరు చదవబోయే చాలా గొడవలకు మూలం ఈ రెండు నాలుకల ధోరణే.

ఎవరెంతమంది? లెక్కలు చెప్పండి.

2021 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఉన్నది 65,19,789 మంది. జాతి గురించి చెప్పడం తప్పనిసరి కాదు. చెప్పినవాళ్ళలో 84.6 శాతం బల్గేరియన్లు, 8.4 శాతం టర్కులు (5,08,378 మంది), 4.4 శాతం రోమాలు, అంటే జిప్సీలని పిలిచేవాళ్ళు (2,66,720 మంది). మిగతావాళ్ళంతా చిన్న చిన్న గుంపులు.

రోమాల లెక్కను మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకండి. యూరప్ కౌన్సిల్ అంచనా ఏడున్నర లక్షల దాకా ఉంది. రోమా అని చెప్పుకుంటే ఉద్యోగమో ఇల్లో దొరకదన్న భయంతో చాలామంది బల్గేరియన్ అనో టర్క్ అనో రాయించుకుంటారు.

ఇంకో సంగతి, 1980ల చివర్లో దేశ జనాభా 90 లక్షలకు దగ్గరగా ఉండేది. 2021కి 65 లక్షలు. జననాలు తగ్గడం ఒకటి, వలసలు ఒకటి. అందరూ తగ్గుతున్నారు, మెజారిటీ అయినా మైనారిటీ అయినా.

బయటి బల్గేరియన్లంటే జర్మనీలో, చికాగోలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళా?

వాళ్ళూ లక్షల్లో ఉన్నారు, 1989 తర్వాత, ముఖ్యంగా 2007లో యూరోపియన్ యూనియన్‌లో చేరాక జర్మనీ, స్పెయిన్, బ్రిటన్, గ్రీసు, ఎక్కడ పని దొరికితే అక్కడికి వెళ్ళారు. ఆ కథ మన అమెరికా తెలుగువాళ్ళ కథకు మరీ దూరం కాదు కాబట్టి దాన్ని ఇక్కడే వదిలేస్తున్నాను. ఈ పేజీలో చెప్పేది పాత సముదాయాల గురించి. వాళ్ళలో రెండు రకాలున్నారు. రెండొందల, మూడొందల ఏళ్ళ కిందట ఊళ్ళకు ఊళ్ళు లేచి వెళ్ళిపోయినవాళ్ళు ఒక రకం. ఇంకో రకం వాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు, ఇంట్లో ఉండగానే సరిహద్దు వాళ్ళ మీదుగా జరిగిపోయింది.

బెస్సరేబియా బల్గేరియన్లు ఎవరు?

బయటి సముదాయాల్లో పెద్దది ఇదే. బెస్సరేబియా అంటే ఇప్పటి మొల్దోవాలో చాలా భాగం, పక్కనే ఉన్న ఉక్రెయిన్ ముక్క. 1806–12, 1828–29లో రష్యాకూ ఒట్టోమన్‌లకూ యుద్ధాలు జరిగాయి. ఆ యుద్ధాల్లో రష్యా వైపు మొగ్గిన బల్గేరియన్లకు, సైన్యం వెనక్కి మళ్ళాక ఊళ్ళో ఉండటం ప్రమాదం. అటు చూస్తే నల్లసముద్రం పక్కన, డాన్యూబ్ నది దాటాక, బుజాక్ అనే మైదానం నొగాయ్ తాతార్లు వెళ్ళిపోవడంతో ఖాళీగా పడి ఉంది, దున్నేవాళ్ళు కావాలని జార్ చూస్తున్నాడు. అలా బళ్ళు కట్టుకుని వెళ్ళినవాళ్ళకు 1819లో ప్రత్యేక హోదా ఇచ్చి భూములిచ్చారు. వాళ్ళ వ్యవహారాలు చూసిన రష్యన్ జనరల్ ఇవాన్ ఇన్‌జోవ్ 1821లో బోల్‌గ్రాద్ పట్నం కట్టించాడు. ఇవాళ్టికీ అక్కడ ఆయన్ని దేవుడిలా తలుచుకుంటారు. కొందరు ఊరి పేరును కూడా వెంట తీసుకెళ్ళారు: స్లివెన్ దగ్గర త్వార్దిత్స అనే ఊరుంది, మొల్దోవాలోనూ త్వార్దిత్స ఉంది.

ఇప్పుడు అసలు తమాషా చూడండి. బోల్‌గ్రాద్‌లో ఒక కుటుంబం ఇల్లు మారకుండా ఉందనుకోండి, మొదట రష్యా ప్రజలు. 1856లో క్రిమియా యుద్ధం ముగిశాక అప్పటి మొల్దావియా సంస్థానం కిందికి వెళ్ళారు. 1878లో మళ్ళీ రష్యా. 1918లో రొమేనియా. 1940లో సోవియట్ యూనియన్, మధ్యలో యుద్ధకాలంలో మళ్ళీ రొమేనియా, ఆ తర్వాత మళ్ళీ సోవియట్. 1991 నుంచి ఉక్రెయిన్. బడిలో నేర్చుకోవాల్సిన భాష ఎన్నిసార్లు మారిందో మీరే లెక్కేసుకోండి, ఇంట్లో భాష మాత్రం అదే. అందుకే ఆ యాసలో పాత బల్గేరియన్ మాటలు పదిలంగా ఉన్నాయి, పక్కనే రష్యన్ మాటలు కుప్పలుగా వచ్చి చేరాయి.

1858లో బోల్‌గ్రాద్‌లో హైస్కూలు తెరిచారు. అప్పటికి బల్గేరియా అనే దేశమే లేదు, అంతా ఒట్టోమన్ పాలనలో ఉంది. తర్వాత దేశం ఏర్పడినప్పుడు చదువుకున్నవాళ్ళు కావాల్సి వస్తే ఈ ప్రాంతం నుంచే మంత్రులూ జనరళ్ళూ వెళ్ళారు. ప్రధానమంత్రులుగా చేసిన దిమితర్ గ్రెకొవ్, అలెగ్జాండర్ మాలినొవ్ ఇద్దరూ బెస్సరేబియా వాళ్ళే. ఉక్రెయిన్ మాజీ అధ్యక్షుడు పెత్రో పొరొషెంకో పుట్టింది కూడా బోల్‌గ్రాద్‌లోనే, అయితే ఆయన ఉక్రేనియన్.

1940లో సోవియట్‌లు గీసిన గీతతో బోల్‌గ్రాద్ ఉక్రెయిన్‌లోకి, ఇంకో బల్గేరియన్ పట్నం తరాక్లియా మొల్దోవాలోకి వెళ్ళాయి. అప్పుడది ఒకే దేశంలో జిల్లా సరిహద్దు లాంటిది, ఎవరూ పట్టించుకోలేదు. 1991 తర్వాత చుట్టాలింటికి వెళ్ళాలంటే పాస్‌పోర్టు కావాల్సి వచ్చింది. 2001 లెక్కల్లో ఉక్రెయిన్‌లో 2,04,574 మంది బల్గేరియన్లు, ఎక్కువ మంది ఒడెస్సా ప్రాంతంలోనే. మొల్దోవాలో 2004లో 65,662 మంది, 2014లో 51,867 మంది. ఈ మొల్దోవా లెక్కల్లో, ఆ దేశం నుంచి విడిపోయి వేరుగా నడుస్తున్న ట్రాన్స్‌నిస్ట్రియా లేదు, అక్కడ పర్కానీ అనే చాలా పెద్ద బల్గేరియన్ ఊరుంది. తరాక్లియాలో 2004లో బల్గేరియా సాయంతో యూనివర్సిటీ కూడా పెట్టారు.

వెళ్తే తినాల్సింది మిలినా. పలుచటి పొరల మధ్య జున్ను పెట్టి చుట్టి కాల్చేది. బల్గేరియా రాజధాని సోఫియాలో బానిత్స అని దొరికేదానికి అక్క లాంటిది, కానీ ఆ పోలిక బోల్‌గ్రాద్‌లో పైకి అనకండి.

ఉక్రెయిన్‌లో వాళ్ళ భాషకు ఇబ్బంది ఉందా?

2017 విద్యా చట్టం ఐదో తరగతి తర్వాత ఉక్రేనియన్‌లోనే ఎక్కువ బోధన ఉండాలంది. హంగరీ, రొమేనియా, బల్గేరియా మూడూ అభ్యంతరం చెప్పాయి. 2023 డిసెంబర్‌లో యూరోపియన్ యూనియన్ అధికార భాషలకు సడలింపు ఇచ్చారు, అందులో బల్గేరియన్ కూడా ఉంది. అయితే నిజం చెప్పాలంటే చాలా ఊళ్ళ బడుల్లో దశాబ్దాల పాటు బోధన జరిగింది రష్యన్‌లో, బల్గేరియన్ ఒక సబ్జెక్టు మాత్రమే. భాష పోయింది ఉక్రేనియన్ వల్లనా, రష్యన్ వల్లనా అని అడిగితే అక్కడి ముసలివాళ్ళు ఒకటి చెబుతారు, కుర్రాళ్ళు ఇంకొకటి చెబుతారు.

గగావుజ్‌లు బల్గేరియన్లా, టర్కులా?

వాళ్ళనే అడిగితే గగావుజ్‌లం అంటారు, నేనూ అక్కడితో ఆపుతాను. బల్గేరియన్లతో పాటే వాళ్ళూ బెస్సరేబియాకు వలస వెళ్ళారు. మొల్దోవాలో 1994 డిసెంబర్ చట్టంతో వాళ్ళకు స్వయంప్రతిపత్తి ప్రాంతం వచ్చింది, రాజధాని కొమ్రాత్. 2014లో 1,26,010 మంది. బల్గేరియాలో, వార్నా చుట్టుపక్కల, ఇప్పుడు గగావుజ్ అని రాయించుకునేవాళ్ళు కొన్ని వందల మందే. పక్క పక్క ఊళ్ళలో ఉన్న ఇద్దరిలో గగావుజ్‌లకు స్వయంపాలన వచ్చింది, తరాక్లియా బల్గేరియన్లకు జిల్లా మాత్రమే దక్కింది, ఆ జిల్లాను కూడా రద్దు చేయబోతే 1990ల చివర్లో ఆందోళన చేసి నిలబెట్టుకున్నారు.

కాథలిక్ బల్గేరియన్లు లాటిన్ లిపిలో రాయడమేంటి?

1688లో చిప్రోవ్‌త్సి అనే గనుల పట్నంలో కాథలిక్కులు ఒట్టోమన్‌ల మీద తిరగబడ్డారు. తిరుగుబాటు అణిగిపోయింది, పట్నం తగలబడింది, బతికినవాళ్ళు డాన్యూబ్ దాటారు. వాళ్ళూ, పౌలీషియన్లనే ఇంకో కాథలిక్ బృందమూ కలిసి చివరికి హాబ్స్‌బర్గ్ పాలనలోని బనాత్‌లో స్థిరపడ్డారు: 1738లో స్తార్ బిష్నోవ్, 1741లో వింగా. బల్గేరియాతో రాకపోకలు తెగిపోయాయి, ప్రార్థన పుస్తకాలు లాటిన్ లిపిలో ఉండేవి, 1866లో యోజు రిల్ అనే ఉపాధ్యాయుడు దానికి వర్ణక్రమం కుదిర్చాడు. అక్కడి భాషను బల్గేరియాలోనివాళ్ళు చదివితే మొదట బిత్తరపోతారు, గట్టిగా పైకి చదివితే అర్థమైపోతుంది.

రొమేనియాలో 2011లో మొత్తం బల్గేరియన్లు 7,336 మంది. అయినా పార్లమెంటులో ఒక సీటు ఉంది, ఎందుకంటే రొమేనియా చట్టం గుర్తింపు ఉన్న ప్రతి మైనారిటీకీ ఒక సీటు కేటాయిస్తుంది. ఏడు వేల మందికి సీటు ఇచ్చే పొరుగుదేశం, మైనారిటీ అన్న మాటే రాయని బల్గేరియా, మధ్యలో డాన్యూబ్.

సెర్బియాలో బల్గేరియన్లు ఎలా వచ్చారు?

రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బల్గేరియా ఓడిపోయింది, 1919 నవంబర్ 27న పారిస్ పక్కన న్యూయీలో సంధి మీద సంతకాలయ్యాయి, బోసిలెగ్రాద్, త్సారిబ్రోద్ పట్నాలు వాటి పల్లెలతో సహా యుగోస్లావియాకు పోయాయి. పడమటి పొలిమేరలు అని బల్గేరియన్‌లో ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ నిట్టూర్పుతో అంటారు. కొన్నిచోట్ల సరిహద్దు ఊరి మధ్యలోంచి పోయింది, ఇల్లు ఒక దేశంలో, పొలం ఇంకో దేశంలో. ఇలాంటి బాధ హోసూరు, బళ్ళారి తెలుగువాళ్ళకు కొంత తెలుసు, కాకపోతే వాళ్ళకు పోయింది రాష్ట్రం, వీళ్ళకు దేశం.

త్సారిబ్రోద్‌కు 1950లో కమ్యూనిస్టు నాయకుడు గెయోర్గి దిమిత్రొవ్ పేరు మీద దిమిత్రోవ్‌గ్రాద్ అని పెట్టారు. బల్గేరియాలో కూడా ఒక దిమిత్రోవ్‌గ్రాద్ ఉంది, రైలు టికెట్ కొనేటప్పుడు జాగ్రత్త. 1948లో సెర్బియాలో దాదాపు 60 వేల మంది బల్గేరియన్లుంటే 2011కి 18,543, 2022కి 12,918. వేధింపుల వల్లే తగ్గారని సోఫియాలో అంటారు. కొంత నిజమే, కానీ ముఖ్య కారణం పని లేకపోవడం. కొండ ఊళ్ళు, మూతపడ్డ ఫ్యాక్టరీలు. పిల్లలు సోఫియాకో, సెర్బియా నగరం నీష్‌కో వెళ్ళిపోతారు.

హంగరీ, టర్కీ, అల్బేనియా?

హంగరీ వెళ్ళింది తోటమాలులు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వెలికో తర్నొవొ వైపు నుంచి కూరగాయలు పండించడంలో ఆరితేరినవాళ్ళు వెళ్ళి, నది నీళ్ళను చక్రాలతో తోడి కాలువల్లో పారించి, మిరప, వంకాయ, టమాటా పండించి బుడాపెస్ట్‌కు అమ్మారు. 'బోల్గార్‌కెర్తేస్', అంటే బల్గేరియన్ తోటమాలి, హంగేరియన్ భాషలో ఒక వృత్తి పేరుగానే నిలిచిపోయింది. అధికారికంగా గుర్తించిన 13 జాతుల్లో వాళ్ళొకరు.

ఇస్తాంబుల్‌లో ఒకప్పుడు పెద్ద బల్గేరియన్ సమాజం ఉండేది. ఇప్పుడు మిగిలింది కొద్దిమందే, గోల్డెన్ హార్న్ ఒడ్డున వాళ్ళ ఇనుప చర్చి మాత్రం ఉంది. నేల మెత్తనిది, రాతి బరువు మోయదని వియన్నాలో ఇనుప ముక్కలు పోతపోయించి ఓడల్లో తెచ్చి బిగించారు, 1898లో తెరిచారు. బాగు చేశాక 2018 జనవరిలో మళ్ళీ తెరిచారు.

అల్బేనియా 2017లో మైనారిటీల చట్టం చేసి బల్గేరియన్లను అందులో చేర్చింది. ప్రెస్పా, గోలో బర్దో, గోరా ప్రాంతాలవాళ్ళు. వాళ్ళు మావాళ్ళని ఉత్తర మాసిడోనియా కూడా అంటుంది.

మాసిడోనియా గొడవ ఏంటి? క్లుప్తంగా చెప్పగలరా?

ప్రయత్నిస్తాను. 1992 జనవరిలో మాసిడోనియా (ఇప్పటి ఉత్తర మాసిడోనియా) స్వాతంత్ర్యాన్ని అందరికంటే ముందు గుర్తించింది బల్గేరియానే. దేశాన్ని గుర్తించింది, కానీ మాసిడోనియన్ జాతి, భాష వేరని ఒప్పుకోలేదు, అది బల్గేరియన్‌లో ఒక రూపమని దాని వాదన. 2020 నవంబర్‌లో ఉత్తర మాసిడోనియా యూరోపియన్ యూనియన్ చర్చలను అడ్డుకుంది. 2022 జూన్‌లో ఫ్రాన్సు మధ్యవర్తిత్వంతో ఆ అడ్డు తీసింది, షరతు ఏమంటే అక్కడి రాజ్యాంగంలో బల్గేరియన్ల పేరు కూడా చేర్చాలి. 2021 లెక్కల్లో అక్కడ బల్గేరియన్లమని చెప్పుకున్నవాళ్ళు 3,504 మంది. రాజ్యాంగ సవరణ 2025 నాటికి కూడా జరగలేదు.

ఇప్పుడు అద్దం తిప్పండి. బల్గేరియా నైరుతిలోని పిరిన్ ప్రాంతం. 1956 లెక్కల్లో బల్గేరియాలో 1,87,789 మంది మాసిడోనియన్లు. 1965లో పదివేల లోపు. తొమ్మిదేళ్ళలో అంతమంది ఎక్కడికీ పోలేదు, పాలిస్తున్న కమ్యూనిస్టు పార్టీ విధానం మారింది, కాగితం మీద అక్షరాలు మారాయి. మొదటి సంఖ్య కూడా పార్టీ ఒత్తిడితో రాసిందేనని బల్గేరియన్లు అంటారు, ఆ మాటలో కూడా నిజముంది. 2011లో 1,654 మంది. వాళ్ళ సంఘాన్ని నమోదు చేసుకోనివ్వనందుకు, సభలు పెట్టుకోనివ్వనందుకు యూరోపియన్ మానవ హక్కుల కోర్టు బల్గేరియాను పలుమార్లు తప్పుపట్టింది.

మాసిడోనియావాళ్ళు బల్గేరియా పాస్‌పోర్టు ఎందుకు తీసుకుంటారు?

ఎందుకంటే అది యూరోపియన్ యూనియన్ పాస్‌పోర్టు. బల్గేరియన్ మూలాలున్నాయని నిరూపిస్తే పౌరసత్వం సులభంగా వస్తుంది. మాసిడోనియా, మొల్దోవా, ఉక్రెయిన్ నుంచి వేలమంది అలా తీసుకున్నారు. మూలాల సర్టిఫికెట్ల కోసం డబ్బులు చేతులు మారాయని 2018లో పెద్ద దుమారం లేచింది. పాస్‌పోర్టు ఉన్నవాళ్ళంతా బల్గేరియన్ అని భావిస్తారనుకోకండి, మ్యూనిక్‌లో ఉద్యోగం కోసం తీసుకున్నవాళ్ళే ఎక్కువ.

ఇక లోపలికి వద్దాం. టర్కుల పేర్లు మార్చారట, నిజమేనా?

నిజమే, అదీ అంత పాత కథేం కాదు. 1984 డిసెంబర్ చివర్లో దక్షిణాన కర్జలి వైపు మొదలైంది. రాత్రికి రాత్రి పోలీసులు, సైనికులు ఊరిని చుట్టుముట్టి, ఫారాలు, పేర్ల జాబితా ఇచ్చి, వీటిలో ఒకటి ఎంచుకో అన్నారు. మెహ్మెత్ కాస్తా మిఖాయిల్, ఐషే కాస్తా ఆస్య. కొన్ని నెలల్లో ఎనిమిది లక్షలకు పైగా మనుషుల పేర్లు మారిపోయాయి. చనిపోయిన తాతల పేర్లు కూడా రికార్డుల్లో మార్చారు. బహిరంగంగా టర్కిష్ మాట్లాడితే జరిమానా, సున్తీ నిషేధం. ఎదురు తిరిగినవాళ్ళలో కొందరు కాల్పుల్లో చనిపోయారు, చాలామందిని డాన్యూబ్‌లోని బెలెనె దీవి జైలుకు పంపారు. ప్రభుత్వం దానికి పెట్టిన పేరు 'పునరుజ్జీవన ప్రక్రియ'. వీళ్ళు ఒకప్పటి బల్గేరియన్లే, బలవంతంగా టర్కులయ్యారు, ఇప్పుడు తమ మూలాలకు వస్తున్నారు అన్నది సర్కారు కట్టిన కథ.

1989 మేలో ఊరూరా నిరసనలు, నిరాహార దీక్షలు. దేశాన్ని ఏలుతున్న కమ్యూనిస్టు నాయకుడు తొదోర్ జివ్‌కొవ్ టీవీలో మాట్లాడి టర్కీ సరిహద్దులు తెరవాలన్నాడు. జూన్ నుంచి ఆగస్టు దాకా మూడు లక్షల అరవై వేల మంది వెళ్ళిపోయారు. చేతిలో టూరిస్టు పాస్‌పోర్టు, కారు మీద పరుపులు, ఫ్రిజ్. అధికారికంగా వాళ్ళు విహారయాత్రకు వెళ్తున్నట్టు, అందుకే ఆ వేసవికి 'పెద్ద విహారయాత్ర' అనే పేరు మిగిలింది. పొగాకు చేలల్లో ఆకు కోసే దిక్కు లేక పట్నాల నుంచి ఉద్యోగులను, విద్యార్థులను బస్సుల్లో తరలించారు. ఆగస్టు మూడో వారం దాటాక టర్కీ సరిహద్దు మూసేసింది. వెళ్ళినవాళ్ళలో లక్షన్నర మంది దాకా తిరిగొచ్చారు, కొందరు వచ్చేసరికి ఇళ్ళు అప్పటికే చవగ్గా అమ్ముడైపోయి ఉన్నాయి. నవంబర్ 10న జివ్‌కొవ్ దిగిపోయాడు, డిసెంబర్ 29న పేర్లు తిరిగి ఇస్తామని ప్రకటించారు. అలా ప్రకటించినందుకు బల్గేరియన్లు ఊరేగింపులు తీశారు, వ్యతిరేకంగా. ఇది చాలామంది చెప్పరు.

2012 జనవరిలో పార్లమెంటు దీన్ని ఖండిస్తూ తీర్మానం చేసింది, 1989 వెళ్ళగొట్టడాన్ని జాతి ప్రక్షాళన అనే అంది. బాధ్యులెవరికీ శిక్ష మాత్రం పడలేదు.

ఇప్పుడు టర్కుల పరిస్థితి?

కర్జలి, రజ్‌గ్రాద్ జిల్లాల్లో వాళ్ళదే పెద్ద సంఖ్య. 2000 నుంచి ప్రభుత్వ టీవీలో రోజూ కొద్ది నిమిషాలు టర్కిష్ వార్తలు వస్తాయి, ఆ కొద్ది నిమిషాల మీద కూడా ప్రతి ఎన్నికలప్పుడూ రగడే. 1990 జనవరిలో అహ్మెద్ దొగాన్ నాయకత్వంలో 'హక్కులు, స్వేచ్ఛల ఉద్యమం' అనే పార్టీ వచ్చింది. జాతి ఆధారంగా పార్టీలు పెట్టకూడదని రాజ్యాంగం అంటుంది, 1992లో కేసు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళి కొద్దిలో గట్టెక్కింది. చాలా ప్రభుత్వాల లెక్క ఆ పార్టీ చేతిలో తేలింది, అవినీతి ఆరోపణలూ అంతే వచ్చాయి, 2024లో రెండుగా చీలింది. ఒకే పార్టీకి ఓట్లన్నీ కట్టగట్టి వేయడం వల్ల టర్కులకు లాభం జరిగిందా, ఆ పార్టీ నాయకులకు జరిగిందా అని అడిగితే నేను రెండోదే అంటాను.

పొమాక్‌ల మీద అంత చర్చ ఎందుకు?

భాష బల్గేరియన్, మతం ఇస్లాం. కాబట్టి ప్రతి ప్రభుత్వమూ వాళ్ళను 'సరిదిద్దాలని' చూసింది. 1912–13లో బాల్కన్ యుద్ధాల సమయంలో బలవంతపు బాప్తిస్మాలు, యుద్ధం ముగిశాక చాలామంది తిరిగి ఇస్లాంలోకి వెళ్ళిపోయారు. 1970ల మొదట్లో పేర్ల మార్పిడి, అంటే టర్కుల కంటే పదేళ్ళ ముందే. 1973లో కొర్నిత్స ఊరివాళ్ళు ఎదురు తిరిగితే కాల్చారు. గ్రీసు వైపు ఉన్న పొమాక్‌లను 1923 లోజాన్ ఒప్పందం ప్రకారం 'ముస్లిం మైనారిటీ'లో కలిపేశారు, మైనారిటీ బడుల్లో పిల్లలు గ్రీకు, టర్కిష్ చదువుతారు, ఇంటి భాష ఎక్కడా లేదు.

రిబ్నొవొ అనే ఊళ్ళో చలికాలం పెళ్ళిళ్ళకు పెళ్ళికూతురి ముఖానికి తెల్లటి పూత పూసి తళుకులు అతికిస్తారు. ఫొటోలు మీరు చూసే ఉంటారు. కెమెరాలతో వచ్చేవాళ్ళు ఎక్కువైపోయి ఊరివాళ్ళకు విసుగు కూడా వచ్చింది.

రోమాలు మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళేనా? లంబాడీల చుట్టాలా?

మొదటిదానికి అవును. భాషే సాక్ష్యం: ఏఖ్, దూయ్, త్రిన్, ష్టార్, పాంజ్. నీళ్ళు పానీ, ముక్కు నాఖ్, మనిషి మనుష్. ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం ఎఫ్తా, ఒఖ్తో, ఎన్యా, అవి గ్రీకు. అంటే దారిలో గ్రీకు మాట్లాడే నేలల్లో చాలాకాలం ఆగారన్నమాట. 1971లో లండన్ దగ్గర జరిగిన ప్రపంచ రోమా సభలో ఖరారైన జెండాలో నీలం, ఆకుపచ్చ మీద ఎర్ర చక్రం ఉంటుంది, మన జెండాలోని చక్రాన్ని తలపించేదే.

రెండోదానికి తొందరపడకండి. లంబాడీ, రోమానీ రెండూ ఇండో-ఆర్యన్ భాషలే, ఆ మాటకొస్తే హిందీ, మరాఠీ కూడా. అంతకు మించి నేరు బంధుత్వం రుజువు కాలేదు. రెండు చోట్లా సంచార జీవితం, రంగుల బట్టలు చూసి కట్టిన పోలిక అది.

బల్గేరియా రోమాలు ఒకే గుంపు కాదు. వృత్తులను బట్టి పేర్లున్నాయి. గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు కలాయ్‌జీలు. అవును, మన కళాయే, అరబ్బీ నుంచి ఇటు ఉర్దూ మీదుగా మనకు, అటు టర్కిష్ మీదుగా వాళ్ళకు. ఇంట్లో టర్కిష్ మాట్లాడే రోమాలున్నారు, వాళ్ళు టర్కులమని చెప్పుకుంటారు. రొమేనియన్ యాస మాట్లాడే రుదారీలు ఉన్నారు. 1958లో ప్రభుత్వం సంచారాన్ని నిషేధించి అందరినీ ఒకచోట కూర్చోబెట్టింది.

ప్లోవ్‌దివ్‌లో స్తోలిపీనొవొ, సోఫియాలో ఫకుల్తెతా పెద్ద రోమా పేటలు. ఇళ్ళకు పట్టా లేదు, పట్టా లేదని కరెంటు మీటర్లు స్తంభాల మీద ఎక్కడో ఎత్తులో పెడతారు, అడ్రసు లేదని గుర్తింపు కార్డు రాదు, కార్డు లేదని పని రాదు. సోఫియాలో ఒక బస్తీని ఖాళీ చేయించే ఉత్తర్వును 2012లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తప్పుపట్టింది. అంతకుముందు 2005లో రోమాల దశాబ్దం అని యూరప్ దేశాలు సంతకాలు చేసింది సోఫియాలోనే. సంతకాలకేం, సోఫియాలో సిరాకు కొదవ లేదు.

బల్గేరియా యూదులను కాపాడిందంటారు, పూర్తిగా నిజమా?

సగం. 1943లో జర్మనీ మిత్రదేశంగా ఉంటూనే, పార్లమెంటు ఉపాధ్యక్షుడు దిమితర్ పెషెవ్, బిషప్పులు స్తెఫాన్, కిరిల్, ఎందరో మామూలు జనం అడ్డుపడటంతో దేశంలోని దాదాపు 48 వేల మంది యూదులను పంపలేదు. అదే ఏడాది మార్చిలో బల్గేరియా పాలనలో ఉన్న థ్రేస్, వార్దార్ మాసిడోనియా, పిరోత్‌ల నుంచి 11,343 మందిని బల్గేరియన్ పోలీసులే రైలెక్కించారు, వాళ్ళు నాజీల మరణ శిబిరం ట్రెబ్లింకాలో చనిపోయారు. మొదటి వాక్యం స్మారక ఫలకాల మీద ఉంటుంది, రెండోది చెప్పడానికి చాలా ఏళ్ళు పట్టింది. బతికినవాళ్ళలో ఎక్కువమంది 1948 తర్వాత ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు.

ఇంకా ఎవరున్నారు?

ఆర్మేనియన్లు ప్లోవ్‌దివ్, వార్నాల్లో, ఒట్టోమన్ మారణకాండల నుంచి తప్పించుకుని వచ్చినవాళ్ళ మనవలు, 2011లో 6,552 మంది. కరాకచన్లు గ్రీకు మాట్లాడే గొర్రెల కాపరులు, 2,556 మంది. 1950ల్లో మందలను లాగేసుకునేదాకా కొండలకూ మైదానాలకూ తిరిగేవారు. వాళ్ళ కుక్కలు మాత్రం ఇప్పుడు దేశమంతా ప్రసిద్ధి.

ఇంత పడనివాళ్ళు రోజూ ఎలా కలిసి బతుకుతారు?

వీధిలో చూస్తే మామూలుగానే. వాళ్ళ ఆర్థడాక్స్ ఈస్టర్‌కు రంగు గుడ్లు పక్కింటి టర్కులకు, ముస్లింల పండుగ బైరామ్‌కు బక్లావా మిఠాయి ఇటు. భాషలోంచి టర్కిష్ మాటలను ఏరేయాలని ఒకప్పుడు గట్టి ప్రయత్నాలే జరిగాయి, కుదరలేదు. జేబును బల్గేరియన్‌లో 'జోబ్' అంటారు, బజారు 'పజార్', దుకాణం 'ద్యుక్యాన్', బక్షీసు 'బక్షిష్'. ఇవి మనకు ఫారసీ, ఉర్దూ ద్వారా వస్తే వాళ్ళకు టర్కిష్ ద్వారా వెళ్ళాయి. సోఫియా సంతలో ఆ మాటలు చెవిన పడితే తెలుగువాడికి ఒక్క క్షణం తికమకే.

పేరు చూసి ఎవరెవరో కనిపెట్టొచ్చా?

వద్దు. ఇంటిపేరు చివర 'ఒవ్', 'ఎవ్' ఉంటే బల్గేరియన్ అనుకుంటాం, కానీ టర్కుల పేర్లకూ చాలాకాలం అవే తగిలించారు, 1990 తర్వాత కొందరు తీసేయించుకున్నారు, కొందరు ఆఫీసుల చుట్టూ తిరగలేక ఉంచేసుకున్నారు. టర్కీ వెళ్ళినవాళ్ళకు అక్కడ ఇంకో ఇంటిపేరు. ఒకే మనిషికి రెండు పాస్‌పోర్టుల్లో రెండు పేర్లుండటం మామూలే, పెన్షన్ కాగితాల దగ్గర ఆ ఇద్దరూ ఒకరే అని రుజువు చేసుకోవాలి.

వెయిట్‌లిఫ్టర్ నయీమ్‌నే చూడండి. 1967లో కర్జలి జిల్లాలో పుట్టాడు, చిన్న వయసులోనే ప్రపంచ రికార్డులు కొట్టాడు, అప్పుడు నయీం సులేమానొవ్. 1985లో నౌమ్ షలమానొవ్ అని మార్చారు. 1986 డిసెంబర్‌లో మెల్‌బోర్న్ పోటీలకు వెళ్ళి జట్టు నుంచి తప్పించుకుని టర్కీ చేరాడు, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఆడనివ్వడానికి టర్కీ బల్గేరియాకు పది లక్షల డాలర్ల దాకా కట్టింది. 1988, 1992, 1996 ఒలింపిక్ స్వర్ణాలు నయీం సులేమానొగ్లు పేరు మీద ఉన్నాయి. రికార్డుల పట్టిక కింది నుంచి పైకి చదివితే ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకరి రికార్డు ఒకరు బద్దలు కొట్టినట్టు ఉంటుంది.